నాయన ఎద్దులు ఆపిన రోజు

మా చిన్నప్పుడు వాన పడితే బడికి సెలవు ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు... మేమే తీసేసుకునేవాళ్లం! ఈ సంగతి తెలియని మనిషి చుట్టుపక్కల ఒక్కరే ఉండేవారు. కళ్యాణదుర్గం రోడ్డు పక్కన ఉన్న చిన్న డిగ్రీ కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు సారు.

కోనసీమ మనిషి. వేరుశనగ విత్తే కాలంలో, నడిమధ్యన, వారం రోజుల కాలేజీ ఉత్సవాలు పెట్టేశారు. "వాన పడితే కష్టం సారూ" అని అటెండరు నసిగితే, "వాన హాల్లో పడదు కదండీ!" అని నవ్వేశారట.

మా అక్క సుజాత ఆ కాలేజీలోనే రెండో సంవత్సరం. ఇక చదువు మాన్పించాలని నాయన చూస్తున్నాడు. అక్క ఏడవలేదు, అన్నం మానలేదు... ఒక్క మాట అడిగింది.

"శుక్రారం నేను స్టేజీ మీద మాట్లాడతాండా. ఒక్క తూరి వచ్చి సూడు నాయనా. సూసినాక కూడా వద్దంటే మానేస్తా."

నాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరేలే... వస్తా" అన్నాడు. కాలేజీ గేటు కూడా ఎప్పుడూ దాటని మనిషి!

ఆ వారం మా బడి పిల్లలను కూడా కాలేజీకి రమ్మన్నారు. నేను ఐదో తరగతి. మైక్రోస్కోపులో ఉల్లిపొర చూపిస్తే, లోపల ఇటుకలు పేర్చినట్టు గోడ కనిపించింది... రోజూ కూరలో తినేది దీన్నా అని నోరెళ్లబెట్టాను. ఇంటికొచ్చి అమ్మ ఉల్లిపాయ కోస్తుంటే చేయి పట్టుకుని ఆపాను కూడా.

అక్క వాళ్లకు ఫిజిక్సు మేడం సోమవారం వాన కొలిచే సీసా చేయడం నేర్పించింది. నీళ్ల సీసా మెడ కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టి, పక్కన స్కేలు అంటించడం. అంతే. అక్క శుక్రవారం మాట్లాడాల్సింది దాని గురించే. కానీ మూడు రోజులు చుక్క పడలేదు. "ఖాళీ సీసా సూపించి ఏం మాట్లాడతావు మ్మే?" అని స్నేహితురాళ్లు ఒకటే ఆటపట్టించడం...

గురువారం మధ్యాహ్నం. హాల్లో ఎవరో పెద్దాయన ఉపన్యాసం ఇస్తున్నాడు. రేకుల మీద టపటపమని నాలుగు చినుకులు... ఐదో చినుక్కి వెనక బెంచీలన్నీ లేచాయి.

"కూర్చోండి, వానే కదా!" అని ప్రిన్సిపాలు సారు మైకులో అనేసరికి లెక్చరర్లలో కూడా సగం మంది చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్లకూ చేలున్నాయి మరి!

అక్క మాత్రం సీసాను ఆరుబయట పెట్టి, వాన వెలిసేదాకా వరండా అంచునే కూర్చుంది. తర్వాత దాన్ని తొణక్కుండా పట్టుకుని ఊరిదాకా నడిచింది. నేను వెనకాలే.

నాయన అప్పటికే చేలో ఉన్నాడు. మట్టిలోకి చెయ్యి దించి, "జానెడు దిగిండాది. తెల్లారి గొర్రు కట్టల్ల" అన్నాడు.

"రేపు శుక్రారం నాయనా..."

"పదును ఆగుతాదా? నువ్వు ల్యాకుంటే ఇత్తనం ఎవరేస్తారు మ్మే?"

ఆ మాటా నిజమే. మా నేలలో తడి ఆరేలోపు విత్తుకోకపోతే ఏడాదంతా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. గింజ వదలడంలో అక్క చెయ్యంత నిదానం మా ఊళ్లో ఇంకెవరికీ లేదు.

తెల్లారింది. నాయన ఎద్దులతో గొర్రు తోలుతుంటే, వెనకే నడుస్తూ అక్క గింజలు వదులుతోంది... కళ్లనీళ్లు కారిపోతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం తడబడలేదు. నాయన చూశాడు. ఎద్దులను అదిలించాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో!

పదకొండు గంటలప్పుడు రోడ్డు మీద కాలేజీ బస్సు ఆగింది. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని ప్రిన్సిపాలు సారు ఎర్రమట్టిలో దిగబడుతూ వస్తున్నారు. వెనక ఫిజిక్సు మేడం.

"హాల్లో నేనూ, మైకూ, బ్యానరూ మిగిలామండీ" అన్నారు సారు. "సుజాత వంతు ఉంది, మనమే పోదాం పదండని మేడం తీసుకొచ్చారు. మాట్లాడతావా అమ్మా?"

అక్క నాయన వైపు చూసింది.

మా నాయన సంగతి మీకు చెప్పాలి. చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గీసే సాలు మధ్యలో ఎద్దులను ఆపడం ఆయన ఎరగడు. దాహమైనా గట్టు చేరాకే. నేను పుట్టిన రోజు కూడా సాలు ముగించుకునే ఇంటికొచ్చాడని మా అవ్వ ఎప్పుడూ దెప్పుతుండేది.

ఆ నాయన... సరిగ్గా సాలు మధ్యలో... "హో... హో..." అని పగ్గాలు లాగాడు. ఎద్దులు కూడా నమ్మలేక వెనక్కి తిరిగి చూశాయి!

"సెప్పు మ్మే. ఇంటాం."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, ముందురోజు గట్టు మీద పెట్టిన సీసా తెచ్చి చెప్పింది. నలభై మిల్లీమీటర్లు పడిందని... అంత వానకు తడి ఎంత లోతు దిగిందో నేల తవ్వి, స్కేలు పెట్టి చూపించింది. అక్షరాలా నాయన చెప్పిన జానెడే.

నాయన సీసా అందుకుని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. "ఇన్నేండ్లుగా వాన కోసం సూస్తాండా సారూ... దాన్ని చేత్తో పట్టుకున్నది ఈ పొద్దే."

తర్వాత అక్కతో, "ఇత్తనం అయిపోతానే కాలేజీకి పో. ఈ సీసా మాత్రం మిద్దె మీద పెట్టిపో" అన్నాడు. అంతే... చదువు మాన్పించే మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ప్రిన్సిపాలు సారు సరదాపడి తానూ గింజలు వదిలారు... ఒకేచోట గుప్పెడు! అక్కడ మొక్కలు గుత్తుగా లేచాయి. పంట పీకేదాకా వాటిని 'ప్రిన్సిపాలు చెట్లు' అనేవాళ్లం.

ఇప్పుడు అక్క కూడా ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఉత్సవాలు పంటలన్నీ ఇంటికొచ్చాకే పెట్టిస్తుంది. మా చేలో ట్రాక్టరు విత్తుతోంది, వాన కబురు ఫోనే చెబుతోంది. సాలు మధ్యలో ఆగడానికి ఎద్దులూ లేవు...

పనే ప్రాణంగా బతికిన మీ ఇంటి మనిషి, మీ మాట వినడం కోసం ఆ పని ఆపిన రోజు ఒక్కటైనా ఉండే ఉంటుంది... గుర్తొస్తే కింద రాయండి.