దుప్పటి లేని టైరు

నిన్న అరసవల్లి గుడి ముందు ఎవరిదో కొత్త బండికి పూజ జరుగుతోంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఒక పెద్దావిడ వంగి టైరుకి పసుపు రాస్తుంటే, పక్కనే పూలు కొంటున్న నాకు ఒళ్లంతా చెమట పట్టింది. మన ఊళ్లలో రోజూ కనిపించేదే, ఎవరూ భయపడరు. నేను మాత్రం పూలు తీసుకోకుండానే ఆటో ఎక్కేశాను.

మా అన్నయ్య మోటారు సైకిల్ రేసుల్లో ఒక జట్టుకి జీతం మీద బండి నడుపుతాడు. మేనత్త కొడుకు, అంటే మా బావ, అక్కడే మెకానిక్. రేసు టైరుకి మన బండి టైరులా గాట్లు ఉండవు, నున్నగా ఉంటుంది. వేడెక్కితేనే రోడ్డుని పట్టుకుంటుంది, చల్లగా ఉంటే మలుపులో జారిపోతుంది. అందుకే బయలుదేరేదాకా కరెంటుతో వేడెక్కే దుప్పట్లు చుట్టి ఉంచేవారట. ఒక ఏడాది ఖర్చు తగ్గించాలని రూలు మార్చారు. దుప్పట్లు వాడకూడదు, అందరికీ ఒకే రకం టైర్లు, అవీ గుర్తు వేసి ఇచ్చినవే, మధ్యలో మార్చడానికి వీల్లేదు.

సరిగ్గా ఆ ఏడే అమ్మమ్మా నేనూ నౌపడలో రైలెక్కి, చెన్నై దగ్గరి ట్రాక్‌కి మొదటిసారి వెళ్లాం. మా ఇంట్లో నాగలి కొన్నా, కుట్టుమిషను కొన్నా నూనెలో పసుపు కలిపి రాశాకే వాడతారు. అమ్మమ్మ చీర మడతలో ఆ నూనె సీసా ఉందని నాకు తెలియదు. అంతకుముందు ఏడైతే టైరు దుప్పట్లోనే ఉండేది, ఆవిడ చేతికి అందేదే కాదు. బళ్లు సిద్ధం చేసే షెడ్డులో అన్నయ్య హెల్మెట్ పెట్టుకుంటున్నాడు, బావ ఇంజను చూస్తున్నాడు. అమ్మమ్మ వంగి లేచేసరికి నల్లటి టైరు మీద అరచేయంత మేర తళతళలాడుతోంది.

"ఏటి రాసేవు అమ్మమ్మా?"

"నూనే, పసుపూను. ఒట్టి టైరుతో తోలేస్తారేటే నా మనవణ్ణి?"

ఇంజను మోత మొదలైంది. పదిమంది మగవాళ్లున్న ఆ షెడ్డులో అరిచి చెప్పడానికి జంకాను. ఏం చేయాలో తోచక వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాను.

"పక్కకి రాయే, పిచ్చెక్కిందేటి నీకు" అని బావ కసిరాడు. వేలితో టైరు చూపించాను. బావ వంగి చూశాడు. పెట్రోలు గుడ్డతో తుడిచాడు, మళ్లీ మళ్లీ తుడిచాడు. మార్చడానికి టైరు లేదు, ఆగడానికి సమయం లేదు.

"సాల్లే బావా. మొదట్లో మెల్లగా పోతాన్లే" అని అన్నయ్య కదిలిపోయాడు.

బళ్లన్నీ మలుపు దాటి కనిపించకుండా పోయి, చుట్టు తిరిగి ఒక్కొక్కటే మా ముందునుంచి దూసుకుపోతున్నాయి. అన్నయ్య బండి లేదు. అమ్మమ్మకి అప్పుడు ఏదో అర్థమైనట్టుంది, నా చెయ్యి పట్టుకుంది. అది ఇంకా నూనె చెయ్యే. ఎంత గట్టిగా పట్టుకున్నా నా వేళ్లు అందులోంచి జారిపోతూనే ఉన్నాయి.

అందరికంటే ఆఖరున వచ్చాడు అన్నయ్య, నిటారుగా కూర్చుని, మలుపుని బతిమాలుకుంటున్నట్టు.

"సూసేవా, నా నూనె పనిసేసినాది" అంది అమ్మమ్మ.

రూలు మళ్లీ మార్చారట, దుప్పట్లు తిరిగొచ్చాయని మొన్న బావ ఫోనులో చెప్పాడు. అన్నయ్య టైరు ఇప్పుడు వెచ్చగానే బయలుదేరుతుంది. ఇక్కడ ఇంట్లో టీవీలో రేసు చూస్తూ కూర్చున్న నాకు మాత్రం భయం ఏమీ తగ్గలేదు. పట్టుకోవడానికి, జారిపోయేదే అయినా, అమ్మమ్మ నూనె చెయ్యి ఇప్పుడు లేదు.