ఆ ఊరి మీద మబ్బులు

కళ్ళద్దాల షాపులో ఆయన రోజంతా అడిగే ప్రశ్న ఒక్కటే. ఎదురుగా గడ్డం ఆనించి కూర్చున్న మనిషి కంటి ముందు ఒక అద్దం పెట్టి "ఇదెలా ఉంది?" అంటాడు. అది తీసి ఇంకోటి పెట్టి "పోనీ, ఇది?" అంటాడు. కొందరు టక్కున చెప్పేస్తారు. కొందరు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు నీళ్ళు నములుతారు. ఆయన తొందరపెట్టడు. ఏ అద్దం సరైనదో చూసే కన్నే చెప్పాలన్నది ఆయన సిద్ధాంతం. కౌంటర్లో అమ్మాయి ఒకసారి "మీరే తేల్చెయ్యొచ్చు కదా సార్" అంటే, "నా కళ్ళతో ఆయన చదువుకుంటాడా?" అని ఆ పిల్ల నోరు మూయించాడు.

షాపు మూశాక ఇల్లు. ముందు గదిలో సోఫా ఉండాల్సిన చోట పెద్ద బల్ల, దాని మీద మూడు తెరలు, ఒక జాయ్‌స్టిక్, కాళ్ళ దగ్గర పెడల్స్. ఇంటికొచ్చేవాళ్ళుంటే కదా సోఫా కావాల్సింది! ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే చిన్నపిల్లల ఆట కాదని మొదట్లో అందరికీ ఓపిగ్గా చెప్పేవాడు, ఇప్పుడు మానేశాడు. అసలు విమానంలో ఉన్న మీటలన్నీ ఇందులోనూ ఉంటాయి. కుర్చీలోంచి లేవకుండా ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఎగరొచ్చు. కూలినా కాఫీ చల్లారిపోవడం తప్ప వేరే నష్టం లేదు.

కాకపోతే దాంతో పాటు వచ్చే మబ్బులు ఆయనకి బొత్తిగా నచ్చవు. దిండులోంచి దూది పీకి అతికించినట్టుంటాయని ఫిర్యాదు. మబ్బుల్నీ వాననీ గాలినీ నిజంలా చూపిస్తామని చెప్పి విడిగా అమ్మే యాడ్-ఆన్‌లు బోలెడున్నాయి. వాటిని ఒక్కొక్కటే పెట్టి చూసి, ఏది ఎలా ఉందో ఇంటర్నెట్‌లో తనలాంటివాళ్ళు చేరిన గ్రూపులో రాస్తుంటాడు. ఆయన సరేనంటే తప్ప కొననివాళ్ళు అందులో చాలామంది. ఒక్కళ్ళ మొహమూ ఆయనకి తెలియదు.

ఏ యాడ్-ఆన్ వచ్చినా ఆయన పరీక్ష పెట్టే ఊరు మాత్రం మారదు. సముద్రం ఒడ్డున ఒక రేవు పట్నం అది. చెల్లెలు ఉండే ఊరు.

అమ్మా నాన్నా పోయాక ఆ పిల్లని పెంచింది ఆయనే. జడ వెయ్యడం నేర్చుకున్నాడు, లెక్కలు నేర్పాడు, తన పెళ్ళి సంగతి పట్టించుకోకుండానే జుట్టు నెరిపించుకున్నాడు. ఆమె పెళ్ళయి వెళ్ళాక ఒకసారి చూడబోతే, అన్నం వడ్డిస్తూ "ఒక్కడివీ ఎందుకన్నయ్యా, మా దగ్గరికి వచ్చెయ్యి" అంది. ప్రేమతోనే అంది. ఏ దెయ్యం పట్టిందో ఏమో, ఈయన ఆమె భర్త ఎదుటే "నిన్ను పెంచింది చివరికి నీ పంచన పడటానికి కాదు" అనేశాడు. ఆమె గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఈ మహానుభావుడు ఆ పూటే బస్సెక్కాడు. తర్వాత ఆమె ఫోన్ చెయ్యలేదు, ఈయన అసలే చెయ్యలేదు. మొదట పట్టుదల, తర్వాత సిగ్గు, ఆ తర్వాత భయం. ఎత్తదేమోనని భయం. అలా రెండేళ్ళు గడిచాయి.

అందుకని విమానంలో వెళ్ళేవాడు. లైవ్ వెదర్ నొక్కితే ఆ ఊళ్ళో ఆ క్షణాన ఉన్న వాతావరణమే తెర మీదికొస్తుంది. అక్కడ ముసురు పట్టి ఉంటే, ఆరేసిన బట్టలు తీసిందో లేదో అనుకునేవాడు. ఎండ మండిపోతుంటే, గొడుగు పట్టుకెళ్ళదు మొండిఘటం అని గొణుక్కునేవాడు. ఊరి మీద ఒక చుట్టు తిరిగి, దిగి, ఇంజను ఆపి, అప్పుడు అన్నం పెట్టుకునేవాడు. ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిన సాయంత్రాలన్నీ ఇలాంటివే.

ఒక ఆదివారం మధ్యాహ్నం పోటాపోటీగా ఉన్న రెండు యాడ్-ఆన్‌లని ఆ ఊరి మీద పెట్టి చూశాడు. మొదటిది అందగత్తె. కుప్పలు పోసిన తెల్ల మబ్బులు, మధ్యలో ఎండ, కింద మెరుస్తున్న నీళ్ళు. రెండోది ఏడుపు మొహం. బూడిదరంగు తెర దించినట్టు కుండపోత వాన. రెండూ అదే ఊరు, అదే సమయం! మామూలుగా ఆ ఊరి విమానాశ్రయం నుంచి వచ్చే వాతావరణ రిపోర్టు చూస్తే తగువు తీరిపోయేది. అది పొద్దుటి నుంచీ రావడం లేదు, అందుకే రెండూ ఎవరి ఊహ వాళ్ళు ఊహిస్తున్నాయి.

రెండు బొమ్మలూ గ్రూపులో పెట్టాడు. "ఏది నిజం?" అని అందరూ ఎగబడ్డారు. తోకచుక్క అని పేరు పెట్టుకున్న ఒకతను, "రోజూ అక్కడికే వెళ్తారు కదండీ, ఆ ఊళ్ళో మీకెవరూ లేరా? ఫోన్ చేసి అడిగితే పోలా?" అని రాశాడు.

ఆయన ఆ మాటని చాలాసేపు చూశాడు. నిజమే, చూసే కన్నే చెప్పాలి. ఆ కన్ను అక్కడుంది. ఫోన్ చెయ్యడానికి ఒక సాకు దొరికిందని ఎంత సంబరమో, ఎత్తదేమోనని అంత బెరుకు. విమానాన్ని ఆటోపైలట్‌కి అప్పగించి నంబరు నొక్కాడు.

"అన్నయ్యా?" అంది అవతలి గొంతు.

"ఆ, నేనే. ఏం లేదు... మీ దగ్గర వాన పడుతోందా?"

"రెండేళ్ళకి ఫోన్ చేసి వానేంటన్నయ్యా?"

"ఊరికే. చిన్న పని పడింది. కిటికీలోంచి చూసి చెప్పు."

"నేను ఆ ఊళ్ళో లేను. ఆయనకి బదిలీ అయింది. మీ ఊరే వచ్చేశాం, చాలా నెలలైంది."

తెర మీద విమానం ఎవరూ లేని ఊరి చుట్టూ బుద్ధిగా తిరుగుతోంది.

"మీ షాపు ముందు నుంచి వెళ్ళాను కూడా. ఎవరికో అద్దాలు పెడుతున్నావు. లోపలికి వద్దామనుకున్నా."

"మరి రాలేదేం?"

"నీ పంచన పడ్డానికి వచ్చాననుకుంటావేమోనని."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నవ్వుతూ అందో ఏడుస్తూ అందో తెలియలేదు. "ఇప్పుడు నేను రానా?" అన్నాడు.

"వద్దులే. ఎప్పుడైనా మళ్ళీ చెయ్యి. వాన గురించి కాకుండా." ఫోన్ పెట్టేసింది.

ఆయన గ్రూపులో, "ఏది నిజమో తెలియదు. ఆ ఊళ్ళో నాకెవరూ లేరు" అని రాసి తెరలన్నీ ఆపేశాడు. గది ఒక్కసారిగా బోసిపోయింది. వాన కాకపోతే ఏం మాట్లాడాలి? షాపు సంగతులా, ఆరోగ్యమా, ఆమె భర్త ఉద్యోగమా? అన్నీ తప్పించుకునే దారులే, ఆయనకి తెలుసు. అనాల్సిన మాట ఒక్కటే ఉంది, ఆ రోజు బస్సెక్కినప్పటి నుంచీ గొంతులో అడ్డం పడే ఉంది. "తప్పు నాదేనమ్మా" అని ఒకసారి పైకి అని చూసుకున్నాడు. ఖాళీ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. రేపు చేద్దాంలే అనుకున్నాడు. అనుకుంటూనే మళ్ళీ నొక్కాడు.

మొదటి రింగు పూర్తి కాకముందే ఆమె ఎత్తింది.