ఎరుపు నీలమయ్యే దాకా

ప్రయోగశాలలో సీసాల మీద పేర్లు రాయడం నాకు ఇష్టం ఉండేది కాదు. పేరు చూసిన మనిషి ఊహించడం మొదలుపెడతాడు, సంఖ్య చూసినవాడు రిజిస్టరు తెరుస్తాడు. ఇబ్రహీంపట్నం దాటాక, నిన్నమొన్నటి దాకా జొన్న పండిన నేలలో లేచిన ఇంజనీరింగు కళాశాలలో నేను రసాయనశాస్త్ర విభాగాన్ని చూసుకుంటున్న రోజులవి. ప్రహరీ అవతల నెలనెలా కొత్త ప్లాట్ల హద్దురాళ్లు లేచేవి. లోపల మాత్రం ప్రతి వస్తువుకూ ఒక చోటు, ప్రతి సీసాకూ ఒక సంఖ్య.

మా పని బంగారపు నలుసులతో. కంటికి ఆనని ఆ నలుసులు తేలుతున్న నీరు పసుపుగా ఉండదు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. వాటి మానాన వదిలేస్తే నలుసులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. కనుక ప్రతి నలుసు మీదా ఒక పూత ఉండాలి. ఆ పూతను మార్చడం, దాన్ని అదుపులో ఉంచడం, అదే మా పరిశోధన. ఒక వరుస సీసాలలో పూతగా నిమ్మ ఉప్పు నుంచి తయారయ్యే లవణం ఉండేది. దానితో పెద్ద ప్రమాదం లేదు. రెండో వరుసలో సబ్బు జాతి రసాయనం ఒకటి ఉండేది. అది జీవకణం పొరను చీల్చగలదు. రెండు వరుసలూ ఒకే ఎరుపు.

సీసాలు కడిగే ఆమె ఒకనాడు నా బల్ల ముందు నిలబడి అడిగింది.

"సారూ, గిది నిజంగ బంగారమేనా?"

"శుద్ధమైన బంగారం" అన్నాను, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే. అడిగినదానికి సరైన జవాబు చెప్పాననే అనుకున్నాను. పూత సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఒక ఉదయం ఆమె పనికి రాలేదు. కారణం అడిగితే స్టోరు గుమాస్తా నవ్వాడు.

"మనుమరాలికి ఇరవై ఒకటో దినం సార్. ఇయ్యాల బంగారం నాకిస్తదట. ఊరంత ఉంగరం అరగదీస్తరు, మన అక్కకేమో లాబ్ బంగారమే!"

"ఏ లాబ్ బంగారం?"

"గదే సార్, ఎర్రనీళ్లు. నిన్న పాత మందు సీసాల జరంత పోసుకపోయింది. శుద్ధమైన బంగారమని సారే చెప్పిండన్నది."

పసిబిడ్డ నాలుక మీద తేనెతో బంగారం అరగదీసి రాసే ఆచారం నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో నాకూ రాసే ఉంటారు. లేచి అల్మరా తీశాను. రెండు వరుసల్లోనూ సీసాలు వాడకంలో ఉన్నవే, రెండింటిలోనూ మట్టం తగ్గి ఉంది. ఏ సీసాలోంచి ఎంత తీశారో విద్యార్థులు సాయంత్రం రిజిస్టరులో రాయాలి. నిన్న ఎవరూ రాయలేదు. అల్మరాకు తాళం వేసి నేను గుమ్మం వైపు పరుగెత్తడం చూసి గుమాస్తా నవ్వు ఆపాడు.

అతని బండి వెనక కూర్చున్నాను. దారిలో టిప్పర్లు లేపిన దుమ్ములో నాకు కనిపించిందల్లా ఒక చిన్న నాలుక.

ఆమె ఇంటి ముందు చుట్టాలు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆమె ముఖం వెలిగింది.

"గింత ఎండల వచ్చిండ్రా సారూ! కూసోండ్రి."

"నాకించావా?"

"ఇగో, ఇప్పుడే. ఉంగరపు వేలు ముంచి ఒక్క సుక్క. ఎట్ల చప్పరించిందనుకున్నరు!"

"ఏ సీసాలోంచి తీశావు? పైవరుసా, కిందివరుసా?"

"అన్ని ఒక్కతీరుగనే ఉన్నయి గద సారూ. చేతికందింది తీసుకున్న."

మందు సీసాలో ఇంకా బొటనవేలి మందం ద్రవం మిగిలి ఉంది. ఉప్పు తెమ్మన్నాను. నిమ్మ ఉప్పు పూత మామూలు ఉప్పుకు నిలబడదు. నలుసులు వెంటనే ముద్దకట్టి రంగు నీలమవుతుంది. సబ్బు జాతి పూత ఉప్పుకు చలించదు, ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. నీలం కావాలి. ఆ క్షణాన నాకు ప్రపంచంలో మరేదీ అక్కరలేదు. చిటికెడు ఉప్పు వేసి, మూత బిగించి, ఊపాను. అడుగున ఉప్పురవ్వ కదలకుండా కూర్చుంది. ఎరుపు. మళ్లీ ఊపాను. ఎరుపు అంచున ఊదారంగు పొగలా కదిలి, సీసా అంతా నీలమైంది.

ప్రాణం కుదుటపడిందని చెప్పడానికి నోరు తెరిచేలోపే గడపలో బిడ్డతో కూర్చున్న బాలింత, ఆమె కోడలు, కేక వేసింది.

"నీలమైంది! అత్తా, విషం! నా బిడ్డకు విషం పోసినవ్!"

"అది విషం కాదమ్మా. నీలమైంది గనుకనే..."

"కండ్ల ముంగట నల్లవడ్డది కనవడ్తలేదా సారూ? మీకు ఉప్పు ఎందుకు గావాల్సి వచ్చింది? మంచిదైతే మీరెందుకు ఉరికొచ్చిండ్రు?"

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, పూత అంటే ఏమిటో ఆ తల్లికి ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అంతకన్నా ఘోరం, ఆమె భయం నాకూ అంటుకుంది. సగం పూత మార్చి వదిలేసిన సీసా ఏదైనా అల్మరాలో ఉండి ఉంటే? ఉప్పు రంగు చెబుతుంది. బిడ్డ కడుపులో ఏముందో చెప్పదు.

"దవాఖానకు పోదాం" అన్నాను.

ఆటోలో బాలింత బిడ్డను నా వైపు నుంచి తిప్పి పట్టుకుంది. సీసాలు కడిగే ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఉంగరపు వేలును చీరకొంగుకు తుడుస్తూనే ఉంది. డాక్టరమ్మకు ఉన్నదంతా చెప్పాను, పూత గురించి నేను చెప్పకుండా వదిలేసిన సగం వాక్యంతో సహా. ఆమె బిడ్డను పరీక్షించి, సాయంత్రం దాకా అక్కడే ఉంచమంది.

గోడవార బల్ల మీద కూర్చున్నాం. బిడ్డ నిద్రపోయినప్పుడల్లా తల్లి దాని అరికాలు గిల్లి ఏడిపించేది, ఏడుపు వినబడితే నేను ఊపిరి తీసుకునేవాణ్ణి. ఎండ వాలుతుండగా బిడ్డ పాలు తాగింది, కక్కలేదు. మళ్లీ తాగింది. డాక్టరమ్మ ఇంటికి పొమ్మంది.

లేవబోతూ సీసాలు కడిగే ఆమె నన్ను మెల్లగా అడిగింది.

"సారూ, నేను రేపు పనికి రావాల్నా, వద్దా?"

"రావాలి. వచ్చాక ఏ సీసాలో ఏముందో నేను చెబుతాను. నువ్వు మళ్లీ నాకు అప్పజెప్పాలి."

"నాకు సదువు రాదు గద."

"చదవనక్కరలేదు. చెప్పేది నేను" అన్నాను.

బాలింత వెనక్కి తిరిగి చూడలేదు. బిడ్డ నోటి దగ్గర చెవి పెట్టి, ఊపిరి వింటూ మెట్లు దిగింది.