మాతకు నా చెయ్యి

నా చిన్నప్పుడు మైపాడులో మా తాతయ్య పడవలు చేసే వడ్రంగి. మేము క్రైస్తవులమే గానీ, మా సంఘంలో బొమ్మలకు మొక్కకూడదు. పక్కింటి అక్కది కతోలిక పద్ధతి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మూరెడు చెక్క మరియమాతను వసారా గూట్లో పెట్టుకుని, రోజూ పొద్దున్నే మాత కుడి చేతిని ముద్దు పెట్టుకునేది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. సండే స్కూల్లో విగ్రహాలు పగలగొట్టిన రాజు కథ విన్న వేడి ఇంకా దిగలేదు. ఒక మధ్యాహ్నం అక్క నీళ్లకు వెళ్లగానే గూట్లోకి రాయి విసిరాను. ఆ కుడి చెయ్యే విరిగింది. ముక్కను కాలవలో పారేసి, మెచ్చుకుంటాడని తాతయ్యకు గొప్పగా చెప్పాను. నాకంత పొగరుండేది.

అక్క భర్త సముద్రం మీద చేపల వేటకు పోయి రెండు రోజులైంది. గాలి ముదిరింది, ఆయన పడవ ఇంకా రాలేదు. నీళ్లు తెచ్చిన అక్క ఆ మొండి చెయ్యి చూసి గూటి ముందే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నా గొప్పంతా నీరుగారిపోయింది.

తాతయ్య నన్ను కొట్టలేదు. అక్కను అడిగి బొమ్మను తన పని కొట్టంలోకి తెచ్చి, ఉలి తీసుకుని నన్ను ఎదురుగా నిలబెట్టాడు.

"చెయ్యి చాపమ్మే. అట్నే ఉండు."

సాయంత్రం దాకా నా చెయ్యి చూస్తూ చిన్న చెయ్యి చెక్కాడు. నొప్పని ఏడిస్తే, "రాయేసినప్పుడు నొప్పి పుట్టలేదే? ఇంకాసేపు ఉండనీ" అన్నాడు. కొత్త చేతిని చీలతో బిగించి, బొమ్మను నాచేతే మోయించి, అక్క ముందు నా తప్పు నా నోటితోనే చెప్పించాడు.

"నేను మొక్కేవాణ్ణి కాదు తల్లీ. నీ దిగులు మాత్రం నాకు తెలస్తా ఉండాది" అన్నాడు. అక్క బొమ్మ చేతినీ నా చేతినీ మార్చి మార్చి చూసింది.

మర్నాడు గాలి తగ్గి పడవ ఒడ్డుకొచ్చింది. మాత కాపాడిందని అక్క, ప్రభువు కాపాడాడని తాతయ్య అంటూనే, ఇద్దరూ కలిసి పడవ దగ్గరికి పరుగెత్తారు.

ఇప్పటికీ నేను బొమ్మలకు మొక్కను. ఎవరైనా మొక్కుతుంటే మాత్రం వాళ్లు లేచేదాకా పక్కనే నిలబడతాను. ఆ మాతకు ఎడమ చెయ్యి సన్నగా అమ్మ చెయ్యిలా, కుడి చెయ్యి బొద్దుగా పిల్ల చెయ్యిలా ఉండేది. అక్క ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఆ కుడి చేతినే ముద్దు పెట్టుకుంది. అది నా చెయ్యని ఆమెకు తెలుసు.