అదిగో అత్త తిమింగలాలు

రేవులో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. బడిపిల్లల పడవలో మైకు పట్టుకుని పంతొమ్మిదేళ్లుగా "అదిగో!" అని అరుస్తున్నందుకు చిన్నాపెద్దా అందరికీ ఆవిడ అదిగో అత్తే. చేపల మార్కెట్లో బేరమాడబోతే, "అత్త వచ్చింది, తిమింగలం కిలో ఎంతో అడగండిరా" అని నవ్వుతారు. ఇంట్లో కూర మాడిన రోజున అల్లుడు, అత్తగారితో నేరుగా అనే ధైర్యం లేక, గోడవైపు తిరిగి మెల్లగా "అదిగో" అంటాడు.

అసలు సంగతేమిటంటే, ఈ పంతొమ్మిదేళ్లలో అదిగో అత్త ఒక్క తిమింగలాన్ని కూడా చూడలేదు.

మొదట్లో ఆవిడ టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. కిటికీ మూసేసినా ఆ గొంతు రేవు చివరిదాకా వినబడేది. మైకు పట్టుకునే అతను ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతే, యజమాని ఈవిడకో నీలం టోపీ, తిమింగలాల బొమ్మల పుస్తకం ఇచ్చి పడవ ఎక్కించాడు. పుస్తకం రెండు రోజుల్లో బట్టీ పట్టేసింది. మూడో వారంలో దూరంగా నల్లగా ఏదో తేలి మునిగింది. సంతోషం పట్టలేక "అదిగో!" అని కేక పెట్టింది. అరవైమంది పిల్లలు "తోక! తోక!" అని గంతులేశారు. తీరా పడవ దగ్గరికి వెళ్లి చూస్తే అది ఎవరో పారేసిన తారు పీపా. అప్పటికే హెడ్మాస్టరుగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "నా జన్మ ధన్యమైందమ్మా" అంటున్నాడు. అంత పెద్దమనిషి జన్మను ధన్యం చేసింది పీపా అని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు.

ఆ రాకపోవడమే అలవాటైపోయింది. దానికి తోడు పత్రాలొకటి. బడివాళ్లు ఒక్కో పిల్లకీ ఒక్కో పరిశీలన పత్రం ఇచ్చి పంపుతారు. తిమింగలాన్ని ఎన్ని గంటలకు చూశావు, ఎడమవైపా కుడివైపా, తోకా వీపా, మొత్తం ఎన్ని. గడులన్నీ నిండాలి. నిండితే గాని పడవ వెనక్కి తిప్పకూడదని బడులకూ యజమానికీ ఒప్పందం. చదువంటే అంత పట్టుదల మరి! నిండకుండా తిప్పితే పిల్లలందరినీ ఇంకో రోజు ఉచితంగా తీసుకెళ్లాలి. ఉచితం అన్న మాట వింటే యజమానికి ఒళ్లు కాలిపోతుంది.

అందువల్ల ఆ సముద్రంలో తిమింగలాలు పిల్లల కడుపుల్ని బట్టి పైకి వస్తాయి. గాలి లేని రోజు రెండు గంటలైతే గాని దర్శనమివ్వవు. అలలు లేచిన రోజున మాత్రం మొదటి వాంతి బకెట్లో పడిన పావుగంటకల్లా ఠంచనుగా తోక ఊపుతాయి. పడవ నడిపే సరంగు తల తిప్పకుండానే, "అక్కా, రెండో బకెట్టు కూడా నిండింది. ఇంకా రాలేదా?" అని అడుగుతాడు. ఆవిడ చెయ్యి చాపి "అదిగో!" అంటుంది. మైకు కుడిచేతిలో ఉంటుంది గనుక ఆ తిమింగలాలన్నీ ఎడమవైపే తేలాయి. ఈ విడ్డూరాన్ని ఇన్నేళ్లలో ఒక్క సైన్సు టీచరు కూడా పట్టించుకోలేదు.

పాపం, మోసపోయినవి డాల్ఫిన్లే. అవి నిజంగానే వస్తాయి. వారానికి రెండు మూడుసార్లు పడవ ముందు గెంతుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ అరమైలు దూరం తోడొస్తాయి. వాటిని చూస్తే అత్తకు ప్రాణం లేచొస్తుంది. కానీ పత్రంలో వాటికి ఒక్కటే గడి. టీచర్లు వాటిని సినిమాకు ముందు వేసే ప్రకటనల్లా చూసి, "అవి సరే గాని, తిమింగలం ఏదండీ?" అంటారు.

ఇలా సాగిపోతుండగా మనవరాలు నాలుగో తరగతికొచ్చింది. పడవ ప్రయాణం నాలుగో తరగతికే. బయల్దేరే ముందురోజు సాయంత్రం అమ్మమ్మా మనవరాలూ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు.

"అమ్మమ్మా, నువ్వు చూసినవాటిలో అన్నిటికన్నా పెద్దది ఎంతుంటుంది?"

"మూడు బస్సులంత ఉంటుందే."

"అది పుస్తకంలో ఉందిలే. నువ్వు చూసింది చెప్పు."

ఊరందరికీ అవలీలగా అబద్ధం చెప్పగలిగిన మనిషికి ఈ పిల్ల దగ్గర మాత్రం నాలుక మడతబడింది. "నేను చూడలేదు తల్లీ" అంది.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

పిల్ల ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. కోప్పడినా బాగుండుననిపించింది అత్తకు. "అయితే రేపు నిజంగా కనబడితేనే చెప్పు. నువ్వు ఎటు చూపిస్తే అటు చూస్తాను. లేకపోతే లేదని చెప్పెయ్" అంది పిల్ల.

"అలాగే."

"మైకులో చెప్పాలి."

"మైకులోనే చెప్తాను."

మాటైతే ఇచ్చింది గాని అత్తకు భయం పట్టుకుంది. ఉద్యోగం గురించి కాదు. అడగకుండానే నమ్మేవాళ్లు వేలమంది ఉన్నారు ఆవిడకు. నిజం తెలిసి కూడా నమ్ముతానన్నది ఈ పిల్ల ఒక్కతే. రేపు మాట తప్పితే ఆ ఒక్కతీ ఉండదు.

మర్నాడు పొద్దున్నే గాలి లేచింది. పడవ రేవు దాటగానే ఏడు డాల్ఫిన్లు వచ్చాయి. మనవరాలు కుడివైపు కమ్మీ పట్టుకుని, లైఫ్ జాకెట్లో సగం మునిగిపోయి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. అత్త కడుపు నిండిపోయింది. అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

గంట గడిచింది. అత్త మైకు తీసుకుంది. "పిల్లలూ, ఇంతవరకు తిమింగలం రాలేదు. ఇవాళ లేదు" అంది.

ఆ మైకులో లేదన్న మాట వినబడడం అదే మొదలు. సరంగు కూడా మొదటిసారి తల తిప్పి చూశాడు. నీడలో కూర్చున్న టీచరమ్మ పరుగున వచ్చింది.

"లేదంటే ఎలాగండీ? లేదని రాయడానికి గడి ఎక్కడుంది?"

"ఖాళీగా వదిలెయ్యండమ్మా."

"భలేవారే! పోయినేడు మా పిల్లలు తలా మూడు చూశారు. ఇప్పుడు సున్నా అంటే, పిల్లలకి చూడ్డం కూడా నేర్పలేదని నన్ను తిడతారు."

అత్త ఇంకో అరగంట బిగబట్టింది. బకెట్లు నాలుగూ నిండాయి. సరంగు, "అక్కా, నీ సత్యం సంగతి ఒడ్డున చూసుకుందాం, ఇంజను వేడెక్కుతోంది" అన్నాడు. ఇంతలో రెండు జడల పిల్లొకతి, మొహం పాలిపోయి, తూలుకుంటూ వచ్చి అత్త చొక్కా అంచు పట్టుకుంది. "అత్తా, తిమింగలం కనబడితే ఇంటికెళ్లిపోతామా?"

అత్త కుడివైపు చూసింది. మనవరాలు కమ్మీ మీద గడ్డం ఆనించి నీళ్లకేసే చూస్తోంది. ఇటు తిరగలేదు. మెల్లగా అంటే దానికి వినబడదనుకుంది అత్త. చేతిలో మైకు పెట్టుకుని అలా ఎలా అనుకుందో ఆ దేవుడికే తెలియాలి.

"అదిగో" అంది, ఎడమచెయ్యి చాపి.

పడవంతా ఎడమవైపుకి ఒరిగింది. ఒకడు తోక చూశాడు. ఇంకొకడు తోకతో పాటు తిమింగలం పిల్లను కూడా చూశాడు. ఒకమ్మాయికి అది కన్ను కొట్టిందట. కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డ టీచరమ్మ, "రెండు అని రాయండి, రెండు" అంది. పాలిపోయిన పిల్ల మొహంలోకి రంగొచ్చింది. సరంగు హుషారుగా చుక్కాని తిప్పాడు.

మనవరాలు ఎడమవైపు చూడలేదు. అమ్మమ్మ మొహంలోకి ఒక్కసారి చూసింది. తర్వాత కమ్మీ వదిలేసి, సముద్రానికి వీపు పెట్టి బల్ల మీద కూర్చుని, సంచిలోంచి పత్రం తీసింది.

అప్పుడు కుడివైపున నీళ్లు పైకి లేచాయి. ముందు అల అనుకుంది అత్త. కానీ అది విరగలేదు, నల్లగా మెరుస్తూ అలా లేస్తూనే ఉంది. భుస్సుమని ఊపిరి విడిచింది. ఆ తుంపర వచ్చి అత్త బుగ్గల మీద పడింది. పుస్తకంలోని బస్సుల లెక్క రాసినవాడెవడో గాని వాడూ చూసి ఉండడు. బస్సులతో కొలిచే వస్తువు కాదది. అత్తకు ఏడుపొచ్చింది. పంతొమ్మిదేళ్లుగా నోట్లో నానిన ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట రాలేదు.

"అదిగో! అదిగో! కుడివైపు!"

"చూసేశాం అత్తా!" అని తలలెత్తకుండానే జవాబిచ్చారు పిల్లలు. అందరూ పత్రాల మీద వంగి గడులు నింపుతున్నారు. "చాలండీ, అన్నీ నిండిపోయాయి" అంది టీచరమ్మ, కాగితాలు ఎగిరిపోకుండా రెండు చేతులతో అదిమిపట్టి.

అత్త మైకు వదిలేసి మనవరాలి ముందు మోకాళ్ల మీద కూలబడింది. "బంగారం, వెనక్కి తిరుగు. నిజంగా వచ్చిందే. నా తల్లివి కదా, ఒక్కసారి చూడవే."

పిల్ల తల తిప్పలేదు. పెన్సిలు పెట్టెలో పెట్టి మూత వేసింది. కోపంగా లేదు. జ్వరం వచ్చినవాళ్లతో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడింది.

"నేనూ చూశానని రాసేశాలే అమ్మమ్మా. నీకు మాట రాకూడదని."

పిల్ల భుజం మీదుగా, తోక నిలువునా పైకి లేవడం అత్తకు కనబడింది. అది చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగిపోయేదాకా చూస్తూ ఉండిపోయింది.