నీళ్లు రుచి చూసే మేస్త్రి

ఉప్పలగుప్తం చుట్టుపక్కల ఏ ఇంటి పనికి వెళ్లినా దానం మేస్త్రి ముందు ఇటుకల వైపు చూడడు, బోరు దగ్గరికి నడుస్తాడు. దోసిట్లో నీళ్లు పట్టి, నాలుక మీద కాసేపు ఉంచుకుని పక్కకి ఉమ్మేస్తాడు. తాపీ పనివాళ్ల సంఘం మీటింగులో మంచినీళ్లిచ్చినా అంతే, ఉమ్మడం ఒక్కటే మానేస్తాడు.

మొన్న రొయ్యల చెరువుల దొరబాబుగారి కొత్తింటికి శ్లాబు. కాంక్రీటు కలిపే మిల్లరు సిద్ధంగా ఉంది, పాతికమంది కూలీలు తట్టలు పట్టుకుని నిలబడ్డారు. దానం బోరు నీళ్లు ఉమ్మేసి, తాపీని గోనెగుడ్డతో తుడిచి సంచిలో పెట్టేశాడు. "ఉప్పండి. కాలవ నీళ్ల ట్యాంకరు తెప్పించండి." "ఈ నీళ్లతోనే కదయ్యా నా రొయ్యలు బతుకుతున్నాయి," అన్నారు దొరబాబు. "రొయ్యలు బతుకుతాయండి. శ్లాబులో ఇనుము బతకదండి." ముహూర్తం దాటిపోతోందన్న కంగారులో దొరబాబు వేరే మేస్త్రిని పిలుస్తానన్నారు. "ఆయ్, పిలవండి. ఎవరొచ్చినా నా దగ్గర నేర్చుకున్నవాళ్లేనండి," అంటూ దానం కంకర గుట్ట మీద కూర్చున్నాడు. పదకొండింటికి ట్యాంకరు వచ్చింది. దానం లేచేలోపే దొరబాబు పైపు కింద దోసిలి పట్టి, నీళ్లు నాలుక మీద ఉంచుకుని, కళ్లతోనే ఏమంటావన్నట్టు అతనివైపు చూశారు.