నాటు తుపాకీ అప్పగించిన రోజు

మా ఆయనకి కుడికాలు మోకాలి కింద లేదు. ఎలా పోయిందని అడిగినవాళ్ళందరికీ అడవిపంది కుమ్మిందని చెబుతాం. ఆ అబద్ధం మొదట ఆడింది నేనే.

చీడికాడ అవతల మా చెరుకు తోటలో పందులు పడి, తెల్లారేసరికి మడికి మడి నేలమట్టం చేసేవి. వాటికోసమే మా అన్నయ్య నాటు తుపాకీ ఉంచుకున్నాడు. ఓ పొద్దున్న చెరుకాకు కదిలిందని పేల్చాడు. అవతల నీరు కడుతూ వంగి ఉన్నది మా ఆయన.

రక్తం చూసి అన్నయ్య నా కాళ్ళ మీద పడ్డాడు.

"సెల్లీ, కేసైతే నా బతుకు తెల్లారిపోద్దే!"

మా ఆయనేమో పళ్ళు బిగబట్టి, "బావనేటీ అనకే" అన్నాడు. అంత నొప్పిలోనూ బావే! నాకూ పుట్టింటి పరువే నెత్తికెక్కింది. పెద్దాసుపత్రికి పోతే పోలీసులొస్తారని ఊళ్ళో ఆరెంపీ డాక్టరు చేతే గుళ్ళు తీయించాం. వారం తిరక్కుండా చీము పట్టింది. అప్పుడు అనకాపల్లి పరిగెత్తాం. ఏమైందని ఆసుపత్రిలో అడిగితే, "పంది కుమ్మిందండి" అని గడగడా చెప్పేశాను. నా నోరు పడిపోను! అదే కాగితం మీద రాసుకున్నారు. కాలు తీసేశారు.

తోట కౌలుకిచ్చేశాం. మూడు చక్రాల బండి ఒకటుంటే బెల్లం మార్కెట్లో ఏదో చిన్న పని చూసుకోవచ్చని ఆయన ఆశ. రోజంతా అరుగు మీద కూర్చుని అదే మాట.

నిరుడు మా ఊరి బడిలో పోలీసులు మీటింగు పెట్టారు. నాటు తుపాకులు తెచ్చి ఇచ్చేస్తే, దాచుకున్నందుకు కేసుండదన్నారు. అందరికంటే ముందు అన్నయ్యే తెచ్చి బల్ల మీద పెట్టాడు. శాలువా కప్పి ఫొటో తీశారు. మా ఆయన కర్ర చంకన ఇరికించుకుని చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఒక ఆఫీసరమ్మ లేచి, తుపాకీ దెబ్బ తిన్నవాళ్ళకి ప్రభుత్వం పరిహారమిస్తుందనీ, బతుకుతెరువు చూపిస్తుందనీ చెప్పింది. నా కళ్ళ ముందు ఆ మూడు చక్రాల బండే కనబడింది. మీటింగయ్యాక మెల్లిగా ఆమె దగ్గరికెళ్ళాను.

"ఆసుపత్రి కాగితంలో యేరేగా రాసుంటే ఏటి సెయ్యాలమ్మా?"

"స్టేషనుకెళ్ళి నిజం చెప్పాలి. ఎవరు పేల్చారో చెబితే కేసు కడతారు, ఆ కాగితాలు పెడితే పరిహారం వస్తుంది."

"తుపాకీ ఇచ్చేసినోడి మీద కూడా కడతారా?"

"మనిషిని గాయపరిచిన కేసు వేరే కదమ్మా. అది ఎలా పోతుంది?"

బల్ల దగ్గర అన్నయ్య శాలువాతోనే టీ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు దించాడు. వెనకనుంచి మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ఒద్దే" అన్నాడు. ఆ ఒక్క మాటతో బండీ పోయింది, మార్కెట్టూ పోయింది. ఇద్దరి మీదా కోపమే వచ్చింది నాకు. అంతకంటే నా మీద నాకే ఎక్కువ.

ఆఫీసరమ్మ కాగితం తీసింది. "ఇంతకీ మీ ఊళ్ళో తుపాకీ దెబ్బ తిన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండి" అన్నాను.

ఆమె మా ఊరి పేరు పక్కన సున్నా చుట్టింది. నా పక్కన ఆయన కర్ర మీద ఆనుకుని అది చూస్తూనే ఉన్నాడు.